పదివేల ఆటల గేమ్ స్టిక్కా, 32 ఆటల కాప్‌కామ్ సంపుటా?

ఒకప్పుడు రూపాయి బిళ్ళ చేత పట్టుకుని వంతు కోసం ఎదురుచూసి ఆడిన వీడియో గేములను ఇప్పుడు ఇంట్లో టీవీ మీద ఆడుకోవాలనుకునేవారికి బరంపురం బజారులో మొట్టమొదట చూపించే వస్తువు గేమ్ స్టిక్. పెన్‌డ్రైవ్ కంటే కాస్త పెద్దగా ఉండే ఈ పరికరాన్ని టీవీ వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెడితే చాలు, రెండు వైర్‌లెస్ కంట్రోలర్లతో పదివేల ఆటలు సిద్ధమని పెట్టె మీద అచ్చువేసి ఉంటుంది. మా ఊరివాళ్ళే కాదు, పెళ్ళి పట్టుబట్టల కోసం ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు కూడా పిల్లలకని దీన్ని కొనుక్కుపోతున్నారు. రెండు వేల రూపాయల లోపు దొరికే ఈ స్టిక్‌నూ, జపాన్ సంస్థ కాప్‌కామ్ తన పాత ఆటలను తానే కూర్చి 2021లో విడుదల చేసిన ‘కాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం’ సంపుటినీ ఒకే గదిలో, ఒకే టీవీ మీద, కొన్ని నెలల పాటు మార్చి మార్చి ఆడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. స్టిక్ మా బావమరిది ఇంట్లోది. అదే సరుకు నాలుగైదు పేర్లతో అమ్ముడవుతోంది కనుక కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. సంపుటి మాత్రం నేను నా లాప్‌టాప్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం ద్వారా కొనుక్కున్నది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పాత ఆర్కేడ్ ఆట, అంటే దుకాణంలో బిళ్ళ వేసి ఆడిన ఆట, ఇంట్లో కూడా అదే ఆటగా మిగిలిందా లేదా అన్నది ఆటల సంఖ్యను బట్టి తేలదు. వేలు బటన్ నొక్కిన క్షణానికీ తెర మీద బొమ్మ కదిలిన క్షణానికీ మధ్య ఎంత సమయం పోతోంది, బొమ్మ తన అసలు కొలతల్లో ఉందా, చేతిలో ఉన్నది ఆ ఆటకు తగిన జాయ్‌స్టిక్కేనా అన్న మూడు విషయాలే దాన్ని తేలుస్తాయి. ఈ మూడింటిలోనూ గేమ్ స్టిక్ నిలబడలేదు. సంపుటి మొదటి రెండింటిలో నెగ్గింది; మూడోది ఎలాగూ మనమే సమకూర్చుకోవలసినది.

తొంభైల్లో మా ఊళ్ళో స్టేషన్ వైపూ, సినిమా హాళ్ళ పక్క సందుల్లోనూ ఉండే వీడియో గేమ్ దుకాణాల్లో ఒక్క బిళ్ళతో ఎంతసేపు నిలిస్తే అంత పేరు. వెనుక నిలబడ్డవాళ్ళలో ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో సలహాలు చెబుతుంటే ఆడేవాడు కళ్ళు తిప్పకుండానే రెండు భాషల్లోనూ బదులిచ్చేవాడు. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్లో ఊరు రాత్రంతా మేల్కొనే ఉండేది కనుక ఆ దుకాణాలకూ తలుపులు పడేవి కావు. అక్కడ మనవాళ్ళు ఎగబడి ఆడిన ఆటల్లో చాలా భాగం కాప్‌కామ్ వారివే. 1989 నాటి ఫైనల్ ఫైట్, 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2, అన్నిటికంటే మిన్నగా మనమంతా ‘ముస్తఫా’ అని పిలుచుకున్న 1993 నాటి కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. ఈ ఆటలు అంత కష్టంగా ఉండడానికి కారణం ఉంది. కొత్తవాడి బిళ్ళ రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి, నేర్చినవాడికి మాత్రం ఒక్క బిళ్ళతోనే చివరిదాకా పోయే దారి ఉండాలి. ఈ రెండింటి మధ్య తూకం చూసి వీటిని తయారుచేశారు. శత్రువు చెయ్యి ఎత్తడం, మన కంటికి ఆనడం, మన వేలు కదలడం, తెర మీద దెబ్బ పడడం, ఇదంతా సెకనులో అరవయ్యో వంతుల లెక్కన నడుస్తుంది. ఆ లెక్క చెడితే అవే బొమ్మలు, అదే సంగీతం ఉన్నా ఆట అది కాదు.

ముందు గేమ్ స్టిక్ సంగతి. ఆన్ చేయగానే వచ్చే పట్టికలో ఆర్కేడ్ ఆటలు ఒక విభాగం మాత్రమే. మిగిలినదంతా క్యాసెట్లు పెట్టి టీవీకి తగిలించుకుని ఆడిన చిన్న ఆటలు. పట్టికను కిందికి జరుపుతూ పోతే స్ట్రీట్ ఫైటర్ 2 ఒక్కటే వేర్వేరు పేర్లతో వరుసగా కనిపిస్తుంది. ఒకదానిలో దుస్తుల రంగు మారి ఉంటుంది, ఒకదానిలో మనిషి గాలిలో ఉండగానే అగ్నిగోళం విసురుతాడు, మరొకదానిలో మొదటి తెర మీది రాత తప్ప తేడా ఏమీ ఉండదు. ముస్తఫా కూడా ఇలాగే పలు రూపాల్లో ఉంది. కొన్నింటిలో మొదటి క్షణం నుంచే చేతిలో తుపాకీ ఉంటుంది, గుళ్ళు తరగవు. ఇలాంటివన్నీ కలుపుకుంటేనే పదివేలు. గాలిలో అగ్నిగోళాలు విసిరే ఆ మార్పుడు ఆట అప్పట్లో నిజంగానే దుకాణాల్లో ఉండేదన్న మాట వాస్తవం. అలాంటి దొంగ చిప్పుల వేగానికి ఆటగాళ్ళు అలవాటుపడిపోవడం చూశాకే కాప్‌కామ్ 1992లో హైపర్ ఫైటింగ్ అనే వేగవంతమైన రూపాన్ని తానే తెచ్చింది. కానీ అది చరిత్రలో ఒక ముచ్చట. కొనేవాడికి అంకె పెంచి చూపడానికి అది సాకు కాదు. పైగా ఈ ఆటలేవీ హక్కుదారుల అనుమతితో ఇందులో చేరినవి కావు. మన 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా సాహిత్య రచనలకున్న రక్షణే ఉంది. ఆట పాతదైనంత మాత్రాన దాన్ని నకలు తీసి అమ్ముకునే హక్కు ఎవరికీ రాదు.

ఇక అసలు విషయమైన ఆలస్యం. దీన్ని కొలవడానికి ఖరీదైన సాధనాలేవీ అక్కరలేదు. ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకు 240 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, తీసే స్లో మోషన్ కెమెరా ఉంటోంది. వేలూ తెరా రెండూ పడేలా ఫోన్‌ను నిలబెట్టి, బటన్ నొక్కి, ఆ వీడియోను ఒక్కో ఫ్రేమే జరుపుతూ, బటన్ అడుగంటిన ఫ్రేము నుంచి బొమ్మ కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్లకు కాస్త పైన పడుతుంది. ఆట తన వంతుగా సెకనుకు దాదాపు 60 సార్లు తెర మారుస్తుంది కనుక ఆట లెక్కలో ఒక్క ఫ్రేము అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. టీవీ మామూలు పిక్చర్ సెట్టింగులో ఉండగా గేమ్ స్టిక్‌తో ఈ పరీక్ష చేస్తే, నేను బటన్ వదిలేసి వేలు పైకి తీసిన తర్వాత గానీ తెర మీద స్ట్రీట్ ఫైటర్ వీరుడు ర్యూ మోచెయ్యి కదలడం మొదలుకాలేదు. ఎదుటివాడు ఎగిరి తన్నడానికి వస్తున్నప్పుడు కింద నుంచి పైకి లేచే గుద్దుతో అతన్ని పడగొట్టడం స్ట్రీట్ ఫైటర్‌లో మొదట నేర్చుకునే విద్య. స్టిక్ మీద అది కుదరాలంటే అతను ఎగరకముందే ఎగురుతాడని ఊహించి నొక్కాలి. చూసి ఆడవలసిన ఆట ఊహించి ఆడే ఆట అయిపోతుంది.

ఆ సమయం ఎక్కడ పోతోందో తెలుసుకుంటే సగం నివారణ మన చేతిలోనే ఉంటుంది. పాత దుకాణంలోని పిక్చర్ ట్యూబ్ దేన్నీ నిల్వ పెట్టుకునేది కాదు. యంత్రంలోని ఆట బోర్డు నుంచి సంకేతం వస్తున్న కొద్దీ ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి ఒక్కో గీతా గీసుకుంటూ పోయేది. ఇప్పటి టీవీ బొమ్మ మొత్తాన్ని ముందు తన మెమరీలోకి తీసుకుని, మచ్చలు తుడిచి, రంగులు దిద్ది, కదలిక నునుపుగా కనిపించడానికి మధ్యమధ్య లేని ఫ్రేములను తానే కల్పించి, ఆ తర్వాతే చూపిస్తుంది. సినిమా చూసేటప్పుడు మనం నొక్కేదేమీ లేదు కనుక దానివల్ల నష్టం లేదు. ఆటలో ఆ దిద్దుబాటు సమయమంతా మన వేలికీ తెరకూ మధ్య వచ్చి చేరుతుంది. అందుకే దాదాపు ప్రతి కొత్త టీవీలోనూ గేమ్ మోడ్ అని ఒక సెట్టింగు ఉంటుంది. అది పెడితే ఈ దిద్దుబాట్లలో చాలా భాగం ఆగిపోతుంది. చాలా ఇళ్ళలో ఆ సెట్టింగు ఉన్నట్టే తెలియదు. దీని మీద వైర్‌లెస్ కంట్రోలర్ తీసుకునే సమయం కొంత, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాం తాను ముందుగా సిద్ధం చేసి పెట్టుకునే ఫ్రేముల వల్ల పోయేది మరికొంత.

గేమ్ మోడ్ పెట్టాక రెండింటిలోనూ ఆలస్యం బాగా తగ్గింది. కానీ స్టిక్‌లో మిగిలినదానితో పోలిస్తే సంపుటిని వైరు కంట్రోలర్‌తో ఆడినప్పుడు మిగిలినది సగం కూడా లేదు. అంకెల కంటే గట్టి సాక్ష్యం మా అక్క కొడుకు ఇచ్చాడు. పదకొండేళ్ళ ఆ పిల్లవాడికి పాత దుకాణాల సంగతి తెలియదు, ఏ పరికరం గొప్పదో ముందుగా వాడికి ఎవరూ చెప్పలేదు. స్టిక్ మీద ఆడినంతకాలం తనకు ఈ ఆట రాదనే అనుకున్నాడు. సంపుటిలో ఫైనల్ ఫైట్ పెట్టి వైరు కంట్రోలర్ చేతికిచ్చిన కాసేపటికి, “మావయ్యా, వీడు నేను నొక్కినప్పుడే కొడుతున్నాడు” అన్నాడు. నాకు తెలిసినంతలో ఈ రెండు వస్తువుల మధ్య తేడాను అంతకంటే బాగా చెప్పడం కష్టం.

బొమ్మ కొలతల విషయం చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి. స్ట్రీట్ ఫైటర్ 2 నడిచిన కాప్‌కామ్ బోర్డు అడ్డంగా 384, నిలువుగా 224 చుక్కల బొమ్మను ఇచ్చేది. దాన్ని దుకాణంలోని ట్యూబ్ నాలుగుకు మూడు నిష్పత్తిలో చూపించేది. చిత్రకారులు మనుషులను గీసింది ఆ నిష్పత్తిని లెక్కలో పెట్టుకునే. గేమ్ స్టిక్ ఆ బొమ్మను వెడల్పాటి టీవీ అంచుల దాకా లాగుతుంది. ఆ లెక్కన ప్రతి మనిషీ అసలు కంటే మూడో వంతు వెడల్పెక్కుతాడు. చున్‌లీ అనే అమ్మాయి భుజాలు కండలు తిరిగిన గుయిల్ భుజాలంత కనిపిస్తాయి. ఇది అందం మాటే కాదు, దూరాల మాట కూడా. కాలు ఎంత దూరం అందుతుందో కంటికి పాతికేళ్ళ కిందట అలవాటైన కొలత ఒకటుంది. తెర సాగితే ఆ అలవాటు తప్పు చూపిస్తుంది. సంపుటి బొమ్మను సరైన నిష్పత్తిలో మధ్యన నిలిపి రెండు పక్కలా చోటు వదులుతుంది. కావాలంటే ఆ చోట్లో పాత యంత్రపు చట్రాన్ని బొమ్మగా చూపిస్తుంది. పాత తెర మీద కనిపించే అడ్డగీతలను అనుకరించే ఫిల్టర్లు కూడా ఉన్నాయి. ఆ ఫిల్టర్ వేస్తే చుక్కల అంచులు మెత్తబడి ముఖాల్లో నీడలు, కండల్లో ఒంపులు తేలతాయి. నేను దాన్ని ఎప్పుడూ తీయను. పెట్టె మీద రాసి ఉండే ఫోర్‌కే అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. 224 గీతల బొమ్మలో లేని వివరాన్ని ఏ తెరా తేలేదు.

నిలువు ఆటల దగ్గర ఇంకో చిక్కుంది. 1984 నాటి 1942, 1987 నాటి 1943 వంటి విమానాల ఆటలు దుకాణంలో ట్యూబును నిలువుగా తిప్పి బిగించిన యంత్రాల్లో నడిచేవి. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న టీవీలో ఆ బొమ్మకు దక్కే వెడల్పు 810 చుక్కలే, అంటే తెరలో సగం కూడా కాదు. సంపుటిలో బొమ్మను పక్కకు తిప్పే సౌకర్యం ఉంది కనుక, స్టాండు మీద తిరిగే పాత కంప్యూటర్ మానిటర్ ఒకటి ఇంట్లో ఉంటే దాన్ని నిలబెట్టి తెర నిండుగా ఆడుకోవచ్చు. ఎదురుగా వచ్చే విమానాలను పసిగట్టడానికి అప్పుడు దొరికే వ్యవధి, ఆ ఎత్తు, టీవీ మీద దొరకవు. ఈ ఒక్క సౌకర్యం కోసమే సంపుటి కొన్నా తప్పులేదని నా ఉద్దేశం.

జాయ్‌స్టిక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దుకాణాల్లో ఎవరూ చెప్పరు. ఆర్కేడ్ జాయ్‌స్టిక్ అడుగున నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి. వాటి కింద కర్ర ఎంత దూరం, ఏ దిక్కుకు పోవచ్చో నిర్ణయించే ప్లాస్టిక్ చట్రం ఉంటుంది. ఆ చట్రం చతురస్రంగా ఉంటే ఎనిమిది దిక్కులూ అందుతాయి, స్ట్రీట్ ఫైటర్‌కు అదే కావాలి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కు మాత్రం నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్కే ఉండేది. ప్యాక్‌మ్యాన్‌లో మలుపు రాకముందే కర్రను తిప్పి పట్టుకుంటే అతను మూలను కోసుకుంటూ తిరుగుతాడు, దయ్యాలకు ఆ వెసులుబాటు లేదు. వెంటపడ్డ దయ్యం నుంచి దూరం పెంచుకునేది ప్రధానంగా ఆ మూలల్లోనే. ఎనిమిది దిక్కుల కర్రతో ఆడితే చెయ్యి కాస్త ఐమూలకు పోగానే రెండు స్విచ్‌లు ఒకేసారి పడి, తిరగవలసిన మలుపు దాటిపోతుంది. సాన్వా వంటి మంచి రకం జాయ్‌స్టిక్కుల్లో అడుగు చట్రాన్ని విప్పి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే అదే కర్ర నాలుగు దిక్కులదిగా మారుతుంది. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చిన ఎవరైనా చేసుకోగల పని ఇది. ప్యాక్‌మ్యాన్ కాప్‌కామ్ వారిది కాదు కనుక ఈ సంపుటిలో ఉండదు. బందాయ్ నామ్కో 2022లో తెచ్చిన ప్యాక్‌మ్యాన్ మ్యూజియం ప్లస్‌లో మరి పదమూడు ఆటలతో కలిసి దొరుకుతుంది.

నేను వాడుతున్న జాయ్‌స్టిక్ పెట్టెను మా వీధి వడ్రంగి మందపాటి ప్లైవుడ్‌తో చేసిపెట్టాడు. కర్ర, 30 మిల్లీమీటర్ల బటన్లు, వాటిని కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి. వడ్రంగికి నేను ఇచ్చిన సూచనల్లో ముఖ్యమైనది బరువు. ఒళ్ళో పెట్టుకుని ఆడినప్పుడు పెట్టె కదిలితే సగం ఎత్తులు తప్పిపోతాయి. గోపాలపురం సముద్రపు గాలి తగిలే ఊరు కనుక చవక స్విచ్‌లలో రేకులు త్వరగా చిలుం పట్టి, నొక్కినా ఒక్కోసారి పలకవు. అలాంటప్పుడు స్విచ్ మార్చుకోవడం తేలిక, కొత్తది తగిలించడానికి సోల్డరింగ్ కూడా అక్కరలేదు. గేమ్ స్టిక్‌తో వచ్చే కంట్రోలర్‌లో మాత్రం విప్పి బాగుచేయగలిగింది ఏదీ ఉండదు. దాని దిక్కుల మీట రబ్బరు అడుగున ఐమూలను సరిగా పట్టుకోదు, కింద నుంచి ముందుకు వేలు తిప్పి విసిరే హడోకెన్ అనే అగ్నిగోళం ఒక్కోసారి మాత్రమే వస్తుంది.

ఇంట్లో ఆడేటప్పుడు వచ్చే మరో ప్రశ్న బిళ్ళలది. రెండు వస్తువుల్లోనూ బటన్ నొక్కితే బిళ్ళ పడుతుంది, ఎన్ని కావాలంటే అన్ని. బిళ్ళలకు లెక్కలేనప్పుడు ఫైనల్ ఫైట్ ఎవరికైనా గంటలోపే పూర్తవుతుంది, మరునాడు దాన్ని తెరవాలనిపించదు. మా ఇంట్లో ఒక ఆటకు ఒక బిళ్ళే అన్న నియమం పెట్టాక పిల్లలు శత్రువుల గుంపు ఎటు నుంచి వస్తుందో గుర్తుపెట్టుకోవడం, కోడి మాంసం దాచి ఉన్న పీపాలను అవసరమయ్యే దాకా పగలగొట్టకుండా ఉంచుకోవడం మొదలుపెట్టారు. సంపుటిలో ఆటను కొన్ని క్షణాలు వెనక్కి తిప్పే సౌకర్యం ఉంది. దీని మీద నాకు కొంత సందేహం ఉన్నా, నేర్చుకునేటప్పుడు దానికి ఉపయోగం ఉందని ఒప్పుకోవాలి. ఒక కష్టమైన చోటును మళ్ళీ మళ్ళీ ఆడి లొసుగు పట్టుకోవడానికి అది బాగుంటుంది, గెలవడానికి వాడితే ఆటకు అర్థం ఉండదు. ఈ విషయంలో హామ్‌స్టర్ అనే మరో జపాన్ సంస్థ తన ఆర్కేడ్ ఆర్కైవ్స్ వరుసలో చేసిన ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. అందులో హైస్కోర్ మోడ్ ఎంచుకుంటే సెట్టింగులు మార్చే వీలుండదు, మధ్యలో ఆపితే ఆ ఆట అంతటితో సరి. ఐదు నిమిషాల్లో ఎంత స్కోరు చేయగలమో చూసుకునే కారవాన్ మోడ్ కూడా ఉంటుంది. వాటిని ప్లేస్టేషన్ మీద గానీ నింటెండో స్విచ్ మీద గానీ ఒక్కొక్క ఆటగా కొనుక్కోవాలి.

ఇప్పుడు అందరూ నన్ను అడిగే ప్రశ్న. ముస్తఫా ఉందా? లేదు. ఈ సంపుటిలోని 32 ఆటల్లో లేదు, 2022లో వచ్చిన రెండో స్టేడియంలోని మరో 32 ఆటల్లోనూ లేదు, అంతకుముందు 2018లో గుంపుతో కొట్లాడే ఏడు ఆటలను ప్రత్యేకంగా కూర్చి కాప్‌కామ్ విడుదల చేసిన బీట్ ఎమ్ అప్ బండిల్‌లో కూడా లేదు. ఆ ఆట కథ, పాత్రలు కాప్‌కామ్ సొంతం కావు. అమెరికన్ చిత్రకారుడు మార్క్ షుల్జ్ సృష్టించిన కామిక్స్ ఆధారంగా, అనుమతి తీసుకుని చేసిన ఆట అది. పేరులోనే ఒక కార్ల కంపెనీ బ్రాండు కూడా ఉంది. ఇలాంటి ఆటను మళ్ళీ అమ్మాలంటే ఆ హక్కులన్నీ మళ్ళీ కుదుర్చుకోవాలి. ఫలితంగా మన దేశంలో అన్నిటికంటే ఎక్కువమంది తలుచుకునే ఆర్కేడ్ ఆట న్యాయమైన దారిలో కొనుక్కోవడానికి లేకుండా పోయింది, గేమ్ స్టిక్కుల అమ్మకానికి అదే ముఖ్యమైన బలం అయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. డబ్బు పెట్టి కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఇన్ని లక్షల మంది ఉన్న ఆటను అమ్మే దారి హక్కుదారులు వెతకాలని కోరుకుంటున్నాను. ఈలోగా, ముస్తఫాకు దగ్గరగా ఉండే ఆట కావాలంటే ఈ సంపుటిలోనే ఉన్న కెప్టెన్ కమాండో, వారియర్స్ ఆఫ్ ఫేట్ ఆడండి. ముస్తఫాకు ముందరి రెండేళ్ళలో ఆ సంస్థే చేసినవి కనుక కొట్టే తీరులో, గుంపును ఒక పక్కకు తెచ్చుకునే మెలకువలో పోలిక స్పష్టంగా తెలుస్తుంది.

హక్కుల మాట వచ్చింది కనుక ఎమ్యులేటర్ల గురించి ఒక మాట. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన మేమ్ అనే ప్రోగ్రాం లేకపోతే ఈ ఆటలెన్నో ఇప్పటికే పోయి ఉండేవి. కాప్‌కామ్ 1993 నుంచి వాడిన రెండో తరం బోర్డుల్లో ఆటను చదవడానికి కావలసిన తాళంచెవి వంటి సంకేతాన్ని ఒక చిన్న బ్యాటరీ ఆధారంగా మెమరీలో నిలిపేవారు. బ్యాటరీ అయిపోతే బోర్డు పనిచేయడం మానేసేది. మా వైపు దానికి తోడు ఉప్పు గాలి ఉంది. ఊళ్ళో నేనెరిగిన చివరి యంత్రం 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానులో తడిసి, మళ్ళీ వెలగలేదు. అలాంటి బోర్డుల మీద నడిచిన 19ఎక్స్ఎక్స్, ప్రోగియర్ వంటి ఆటలు ఇప్పుడు ఈ సంపుటిలో చక్కగా నడుస్తున్నాయంటే దాని వెనుక ఏళ్ళ తరబడి బోర్డులు విప్పి చదివినవాళ్ళ శ్రమ ఉంది. అందువల్ల ఎమ్యులేటర్ అన్న మాటనే తప్పుగా చూడడం నాకు సమ్మతం కాదు. తప్పంతా అనుమతి లేని నకళ్ళను నింపి అమ్మడంలో ఉంది.

సంపుటిలో నాకు నచ్చనివి లేకపోలేదు. ప్రారంభపు మెనూ ఆర్భాటం ఎక్కువ. నేరుగా ఆటలోకి పోనివ్వకుండా యంత్రాల వరుసను తిప్పి చూపుతుంది, పాత లాప్‌టాప్‌లో అక్కడే ఫ్యాను గట్టిగా తిరగడం మొదలవుతుంది. విమానాల ఆటల వాటా నా అభిరుచికి కాస్త ఎక్కువైంది. ధ్వని గురించి ఫిర్యాదు ఏమీ లేదు.

కొనదలచినవారు వెంటనే డబ్బు పెట్టనక్కరలేదు. స్టీమ్‌లో స్టేడియంను ఉచితంగా దించుకోవచ్చు, దానితో 1943 కూడా ఉచితంగానే వస్తుంది. ముందు టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ వెతికి పెట్టండి, లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి, వైరున్న ఏ కంట్రోలర్‌తోనైనా 1943 ఆడి, ఫోన్ కెమెరాతో ఆలస్యం ఎంత ఉందో చూసుకోండి. అది తృప్తిగా ఉంటే, సంపుటిని భాగాలుగా అమ్మే ప్యాకుల్లో 1989 నుంచి 1992 దాకా ఉన్న ఆటల రెండో ప్యాక్ తీసుకోండి. ఫైనల్ ఫైట్, స్ట్రీట్ ఫైటర్ 2, స్ట్రైడర్, కెప్టెన్ కమాండో నాలుగూ అందులోనే ఉన్నాయి. జాయ్‌స్టిక్ పెట్టె ఖర్చు ఆ తర్వాతి మాట. కెప్టెన్ కమాండోను నలుగురు కలిసి ఆడవచ్చు కనుక సెలవులకు పిల్లలు చేరే ఇల్లయితే మరో రెండు వైరు కంట్రోలర్లు, లాప్‌టాప్‌కు అన్ని వైర్లూ తగిలించుకోవడానికి ఒక యూఎస్‌బీ హబ్ కూడా తెచ్చిపెట్టుకోండి.